కర్రోడి సూది

ఆ వేసవిలో నా పని కుక్కలకీ పిల్లులకీ మమ్మల్ని ముందుగా అలవాటు చేయడం.

ఏప్రిల్ ఆఖరున బడులకి సెలవులివ్వగానే విజయవాడలో సగం మంది ఊళ్ళు బయలుదేరతారు. పెంచుకుంటున్న ప్రాణిని ఎవరికి అప్పజెప్పాలో తోచక మా బావకి ఫోన్ చేస్తారు. మా బావ హర్షవర్ధన్ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లో పని మానేశాక, కంకిపాడు దాటి కాలవ పక్కన మూతపడ్డ కోళ్ళ షెడ్డు ఒకటి లీజుకి తీసుకుని గదులు గదులుగా కట్టించాడు. యజమానులు తిరిగొచ్చేదాకా కుక్కల్నీ పిల్లుల్నీ అక్కడే ఉంచుకుంటాం. అది రెండో సీజను. మా అక్క శ్రీదుర్గకి ఏడో నెల. పుట్టింటికి రమ్మంటే, "సీజన్‌లో నేను కదల్లేను. కావాలంటే పుట్టింటినే ఇటు పంపండి" అంది. అలా నన్ను పంపారు.

ఎవరైనా గది మాట్లాడుకుంటే వారం ముందు నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. కుక్క అయితే దాని పక్కన నేల మీద కాసేపు కూర్చుని వాసన చూడనిచ్చేదాన్ని. పిల్లి అయితే అదే వచ్చేదాకా గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. మాట్లాడకుండా కూర్చోవడం నాకు చిన్నప్పట్నుంచీ వచ్చు. ఊళ్ళో బళ్ళో మాష్టార్లు నన్ను ఆ ఒక్కదానికే మెచ్చుకునేవారు.

వన్‌టౌన్‌లో అఫ్సానా గారింటికి అలాగే వెళ్ళాను. ఆవిడ ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. తెల్ల పిల్లి, పేరు మోతీ.

"బుట్ట ఇవాళే అటక మీంచి దించండి అక్కా. మూత తీసి గదిలో పెట్టి, రోజూ అన్నం అందులోనే పెట్టండి. బయల్దేరే రోజున ఒక్కసారిగా కుక్కితే రక్కుతుంది" అన్నాను. "మీరు వేసుకుని విడిచిన చున్నీ కూడా ఒకటి కావాలి. ఉతక్కుండా. మీ వాసన ఉంటే కొత్త చోట బెదరదు."

"ఉతక్కుండానా? మా అమ్మీ వింటే నిన్ను గుమ్మంలోంచే పంపించేస్తుంది" అని నవ్వి, బీరువాలోంచి మోతీ టీకాల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ముందు ఇది చూడు పార్వతీ. తారీకులు చూసి రాసుకో. నేను చెప్పానని రాసుకోకు."

మా బావ పెట్టిన నియమం కూడా అదే. రిజిస్టర్లో టీకాల గడి ఒకటుంది. పుస్తకం కళ్ళారా చూస్తేనే అందులో టిక్కు పెట్టాలి.

వెంకటసుబ్బారావు గారింటికి మాత్రం నేను ముందుగా వెళ్ళలేదు. వాళ్ళది గన్నవరం అవతల పల్లెటూరు. మే పదమూడున ఫోన్ చేసి, పద్నాలుగు పొద్దున్నే ట్రక్కు ఆటోలో కుక్కతో సహా దిగిపోయారు. తలపాగా, చేతికర్ర. పక్కన ఆయన భార్య బుల్లెమ్మ గారు. మర్నాడే కాశీ ప్రయాణం. బావ, అక్క ఇంకో గదిలో లాబ్రడార్‌కి స్నానం చేయిస్తున్నారు. గుమ్మంలో నేనొక్కదాన్నే ఉన్నాను.

కుక్క నల్లగా, పొడుగ్గా ఉంది. మెడకి గేదె పలుపు.

"పేరేంటండీ?"

"కర్రోడు."

"వయసెంతండీ?"

"మా పెద్ద గేదె రెండో ఈతప్పుడు వచ్చాడు. నువ్వే చూసుకో."

"నాలుగేళ్ళమ్మా," అన్నారు బుల్లెమ్మ గారు. "ఆయనకి మా పెళ్ళి కూడా ఏ గేదె ఈనినప్పుడో అలాగే గుర్తు."

"సూదులన్నీ వేయించారా తాతగారూ?"

"ఎందుకు వేయించం? అన్నీ వేయించాం."

"పుస్తకం ఉందాండీ?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "పుస్తకమా? కుక్కకా? ఉగాది ముందు డాక్టరు మా ఇంటికొచ్చి మరీ పొడిచి వెళ్ళాడు అమ్మాయ్. నా మాట చాలదా?"

మా ఊళ్ళో పెద్దవాళ్ళని ఒకే మాట రెండుసార్లు అడగం. అడిగితే, నమ్మడం లేదని ముఖాన అన్నట్టే. నాకు చెవులు వేడెక్కాయి. చాలుతుందండీ అన్నాను. టీకాల గడిలో టిక్కు పెట్టాను.

ఆ రెండు రోజులూ కర్రోడు గది మూలకి నక్కే ఉన్నాడు. సాయంత్రం పెట్టిన మజ్జిగన్నం పొద్దున్నకి సగం ఖాళీ అయ్యేది గానీ, మేం చూస్తుండగా మూతి పెట్టేవాడు కాదు. స్టీలు గిన్నెలో నీళ్ళు మాత్రం పోసినవి పోసినట్టే ఉండేవి. గిన్నె దగ్గరికి జరిపితే వెనక్కి నక్కి పళ్ళు బయటపెట్టేవాడు.

"కొత్త చోటు కదా, రెండ్రోజులు అలాగే ఉంటాడు" అన్నాడు బావ.

పదహారో తారీకు సాయంత్రం బావ చల్లదనానికి షెడ్డు చుట్టూ కట్టిన గోనెపట్టాలు తడుపుతున్నాడు. అక్క నడుం మీద చెయ్యి వేసుకుని కర్రోడి గదిలోకి వంగింది. "తాగరా నాయనా, నీ కోసం నా గొంతు ఎండిపోతోంది" అంటూ గిన్నె వాడి మూతి దగ్గరికి తోసింది. వాడు అరవలేదు. చటుక్కున తల తిప్పాడంతే. అక్క చెయ్యి లాక్కునేసరికి బొటనవేలి కింద రెండు గాట్లు. ఒకదాన్లోంచి రక్తం బొట్టుగా ఉబికి మణికట్టు మీదికి జారింది.

బావ అక్కని బోరు పంపు దగ్గర కూర్చోబెట్టి బట్టల సబ్బుతో పావుగంట కడిగాడు. కడుగుతూనే, "చీర మార్చుకో, ఆస్పత్రికి పోదాం" అన్నాడు.

"నేను రాను."

"కుక్క కరిచింది దుర్గా!"

"కరిస్తే కరిచింది. సూది మాత్రం వేయించుకోను."

బావ ఇంకో చెంబు నీళ్ళు పోశాడు. మూడేళ్ళ కిందట అక్క జ్వరానికి సూది వేయించుకున్న వారంలోనే మొదటి కడుపు పోయింది. రెండోది అయిదో నెలలో పోయింది. వాటికీ సూదికీ సంబంధం లేదని డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది. అక్క తలూపేది గానీ, ఈసారి ఏడు నెలల్లో తలనొప్పి మాత్ర కూడా మింగలేదు.

"పార్వతీ, రిజిస్టరు తే" అంది అక్క.

తెచ్చాను. తడి చేత్తో ముట్టుకోకుండా, నన్నే తెరిచి పట్టుకోమంది. కర్రోడి వరస మీద చూపు నడిపించి, టీకాల గడి దగ్గర ఆగింది.

"అన్నీ అయ్యాయి. ఇంక నాకెందుకు సూది? పుస్తకం నువ్వు చూశావుగా?"

"ఆఁ" అన్నాను.

మా ఇళ్ళల్లో ఆ మాటకి అర్థం ఒకటి కాదు. వింటున్నాననీ, సరేననీ, ఏమిటీ అనీ కూడా. అక్క దాన్ని చూశాననే అనుకుంది. అలా అనుకోవాలనే నేనూ అన్నాను.

బావ నా మొహంలోకి ఒకసారి చూసి, తువ్వాలుతో అక్క చెయ్యి తుడిచాడు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా ఊళ్ళో బాతులు మేపే జక్కయ్యని కుక్క కరిచింది. ఆకు పసరు వేయించుకున్నాడు. గాయం మానింది. రెండు నెలలకి అతని గుడిసె తలుపు బయట్నుంచి గొళ్ళెం పెట్టారు. గుడిసె మా బడి గోడ అవతలే. లోపలికి నీళ్ళ చెంబు తీసుకెళ్ళినప్పుడల్లా అతను పెట్టిన కేకలు మాకు వినపడేవి. మాష్టారు కిటికీలు మూయించి ఎక్కాలు గట్టిగా చదివించేవారు. మేం ఎంత గట్టిగా చదివినా వినపడేవి.

అక్క చెంబెత్తి నీళ్ళు తాగుతున్నప్పుడల్లా ఆమె గొంతుకేసే చూసేదాన్ని. గుటక పడిందా లేదా అని. అన్నం కలుపుతుంటే వేళ్ళు వణుకుతున్నాయా అని. కర్రోడి గది ముందు గంటలు గంటలు కూర్చునేదాన్ని. వాడి మూతి అంచున కాస్త చొంగ కనపడితే లేచి పరిగెత్తేదాన్ని. అది ఎండకి వచ్చే చొంగేనని పక్క గదిలో లాబ్రడార్‌ని చూసి ధైర్యం చెప్పుకునేదాన్ని. మళ్ళీ వాడు నీళ్ళ గిన్నె చూసి వెనక్కి నక్కేవాడు. ఆ ధైర్యం కాస్తా పోయేది.

"ఏంటే, రెండ్రోజులుగా నా మొహాన్నే చూస్తున్నావు? మొగపిల్లాడా ఆడపిల్లా అని లెక్క కడుతున్నావా?" అంది అక్క.

నవ్వాను. నా నవ్వు నాకే వినపడలేదు.

పందొమ్మిదో తారీకు పొద్దున్న వెంకటసుబ్బారావు గారికి ఫోన్ చేశాను. వెనక గంటలు, మైకులో ఎవరో హిందీలో పిలుపులు.

"ఏమ్మా, కర్రోడు ఎలా ఉన్నాడు?"

"నీళ్ళు తాగట్లేదు తాతగారూ."

"నీళ్ళా? వాడు నీళ్ళెందుకు తాగుతాడమ్మా? గేదెల తొట్లో మూతి పెట్టి కుడితి తాగుతాడు. కళ్ళు తెరిచిన కాణ్ణుంచీ అంతే."

వెనక నుంచి బుల్లెమ్మ గారి గొంతు. "ఆ సంగతి ఆ పిల్లకి చెప్పమన్నానా లేదా?"

"ఎప్పుడు చెప్పావు?"

"రైల్లో చెప్పాను."

"రైలెక్కాక చెప్తే ఏం లాభం?"

తలుపు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. కుడితి! చిట్టూ తవుడూ కలిపిన బియ్యం కడుగు కోసం వాడు అయిదు రోజులుగా చూస్తున్నాడు. తళతళలాడే స్టీలు గిన్నెని చూసి భయపడ్డాడు, అంతే. ఫోన్ పెట్టేసేదాన్నే. ఎందుకో పెట్టలేదు. మొదటిరోజు అడగాల్సిన రెండో ప్రశ్న అప్పుడు అడిగాను.

"ఉగాది ముందు సూది పొడిచింది ఏ డాక్టరండీ?"

"మా పశువుల డాక్టరే. గేదెలకి గాలికుంటు రాకుండా ఊరంతా సూదులేశారు కదా! మా ఇంటికొచ్చినప్పుడు వీడికీ ఒకటి పొడవమన్నా. 'ఇది గేదెల సూదండీ' అన్నాడు. 'ఇంట్లో అందరికీ వేసి వీడొక్కణ్ణి వదిలేస్తే ఏం బావుంటుంది, ఏదో ఒకటి పొడువయ్యా' అన్నా. నవ్వుకుని, బలానికి ఏదో పొడిచి వెళ్ళాడు."

"మరి పిచ్చి రాకుండా వేసేది?"

"అది పిచ్చికుక్కలకి కదమ్మా. మావాడికి పిచ్చేంటి?"

ఫోన్ పెట్టేసి కాలవ వంతెన అవతల ఉండే మార్త గారింటికి పరిగెత్తాను. వాళ్ళకి రెండు గేదెలు. పాత ఇనప బాణలి నిండా కుడితి పోయించుకుని, దారంతా ఒలికించుకుంటూ తెచ్చి గదిలో పెట్టాను. కర్రోడు ముక్కు ఎగబీల్చాడు. లేచాడు. బాణలిలోకి చెవులదాకా మూతి ముంచి గటగటా తాగాడు. అడుగు నాకి, తలెత్తి, మొదటిసారి నాకేసి తోకాడించాడు.

తాగాడు. అంటే వాడికి ఏమీ లేదు. ఏమీ లేకపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఈ మాట నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో! అనుకున్న కొద్దీ తేలికవ్వాల్సింది పోయి, గోడ అవతల ఎక్కాలు వినపడుతున్నట్టే ఉంది.

పిల్లుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని అఫ్సానా గారికి ఫోన్ చేశాను.

"మోతీకి ఏమైంది?" అంది హడావుడిగా.

"బాగుందక్కా. ఒక మాట అడగనా? కుక్క కరిచాక ఆ కుక్క శుభ్రంగా తాగితే పిచ్చి లేనట్టేనా?"

"తాగినంత మాత్రాన లేదనుకోకూడదు. పది రోజులు కనిపెట్టి చూడాలి. కరిపించుకున్నవాళ్ళు అంతదాకా ఆగకూడదు. ఆ రోజే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. ఎవర్ని కరిచింది?"

మోతీ వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పార్వతీ, ఎవర్నమ్మా?"

"అక్కని. మూడు రోజులైంది. కడుపుతో ఉందని సూది వద్దంటోంది."

"కడుపుతో ఉన్నవాళ్ళకి మరీ వేయాలి. బిడ్డకి ఏమీ కాదు. మా దగ్గర ఎంతమందికో వేశాం. వేయించుకోకపోతేనే ఇద్దరూ దక్కరు." ఆవిడ గొంతు తగ్గింది. "నువ్వు చెప్తావా, నన్ను మాట్లాడమంటావా?"

"నేనే చెప్తా."

అక్క వరండాలో చాట ముందేసుకుని కుక్కల అన్నానికి నూకల్లో రాళ్ళు ఏరుతోంది. బావ ఫ్యానుకి నూనె వేస్తున్నాడు. నేను గుమ్మం దాటకుండానే అన్నాను.

"అక్కా, కర్రోడి పుస్తకం నేను చూళ్ళేదు."

"ఆఁ?" అంది అక్క, తలెత్తకుండా.

"చూళ్ళేదు. ఆయన చెప్తే రాసేశాను. వాడికి వేసింది ఆ సూది కాదు. గేదెలకేసేటప్పుడు బలానికి ఏదో పొడిచారట."

చాటలో వేళ్ళు ఆగాయి. బావ చేతిలో నూనె డబ్బా అలాగే వంగి ఉంది, నూనె నేల మీద పడుతోంది.

"కడుపుతో ఉన్నవాళ్ళకి ఏమీ కాదట. అఫ్సానా గారు చెప్పింది. ఎంతమందికో వేశారట" అన్నాను.

"మూడు రోజులు" అంది అక్క.

తర్వాత చాట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, లోపలికెళ్ళి చీర మార్చుకొచ్చింది. "ఆటో పిలువు" అని బావతో చెప్పింది.

విజయవాడ పెద్దాసుపత్రిలో వరస పొడుగ్గా ఉంది. కడుపు చూసి ముందుకి పంపారు. డాక్టరు తారీకులు అడిగి, "మూడు రోజులు ఏం చేశారమ్మా?" అని కసిరారు. అక్క నా పేరు చెప్పలేదు. "భయపడ్డానండీ" అంది. భుజానికి ఒక సూది, గాటు చుట్టూ మరికొన్ని. బొటనవేలి కింద పొడుస్తుంటే చెయ్యి పట్టుకుందామని ముందుకెళ్ళాను. అక్క బల్ల అంచు పట్టుకుంది.

ఆ సాయంత్రం బావ నా సంచి బయటపెట్టాడు. "పొద్దున్న బస్సెక్కిస్తా. నీకు ప్రాణాలంటే ఆటలుగా ఉన్నాయి" అన్నాడు. అక్క పడుకున్నచోటి నుంచే అంది. "దాన్ని ఉండనీ. పది రోజులూ అయ్యేదాకా ఆ కుక్కని అదే చూడాలి."

చూశాను. కర్రోడు పొద్దునా సాయంత్రం బాణలెడు కుడితి తాగాడు. ఇరవై రెండున మార్త గారి గేదె గొంతు విని అరిచాడు. ఇరవై నాలుగున నా చేతిలోంచి అన్నం తిన్నాడు. ఒక్కో రోజూ గడిచేకొద్దీ భయం తగ్గలేదు. రేపు లేవడేమోనని, ఎల్లుండి తూలుతాడేమోనని. అక్క నాతో పనుల గురించి తప్ప మాట్లాడలేదు. ఒక అలవాటు మాత్రం మొదలైంది. రోజూ పొద్దున్న నేను కర్రోడి దగ్గర్నుంచి రాగానే నా మొహంలోకి సూటిగా చూసి, "ఎలా ఉన్నాడు?" అనేది. బాగున్నాడంటే ఒప్పుకునేది కాదు. ఎంత తాగాడు, ఎటు పడుకున్నాడు, కళ్ళు ఎలా ఉన్నాయి, అన్నీ చెప్పాలి. ఒకరోజు వెనక కాలు కుంటుతోందని చెప్పాను. ఆ పూటంతా తను అన్నం ముట్టలేదు. నేనే వెతికి, గోళ్ళ మధ్య పల్లేరు ముల్లు పట్టుకుని, తీసి తెచ్చి చూపించాను. ముల్లుని అరచేతిలో వేసుకుని చూసి, అప్పుడు కంచం ముందు కూర్చుంది.

ఇరవై ఆరున, కరిచిన పదో రోజున, దంపతులిద్దరూ స్టేషన్ నుంచి తిన్నగా మా దగ్గరికే వచ్చారు. కర్రోడు పలుపు తెంపుకునేంత పని చేశాడు. అక్క చేతి మీద గాటు చూసి, సంగతంతా బావ చెప్తే విని, వెంకటసుబ్బారావు గారు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"కుక్క సూది వేరేనా?" అన్నారు.

"మీకు మోకాళ్ళ నొప్పులొస్తే గేదె మందు రాయించుకుంటారా?" అన్నారు బుల్లెమ్మ గారు.

"రాసుకున్నాను కదే, నిరుడు!"

ఎవరం నవ్వలేదు. ఆయన ఇంటికి కూడా పోకుండా కర్రోణ్ణి అదే ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెళ్ళేముందు అక్క ముందు నిలబడి, "తల్లీ, నాకు కోడలి వయసు దానివి, లేకపోతే కాళ్ళకి దండం పెట్టేవాణ్ణి" అన్నారు.

జూన్ పదహారున అక్కకి వరసలో చివరి సూది అయ్యింది. డాక్టరు ఇంక భయం లేదన్నారు. బావ నమ్మాడు. నేను నమ్మాననే అనుకున్నాను. అక్క పైకి తలూపేది గానీ, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని లోపలి కదలికలు లెక్కపెడుతూ కూర్చునేది. సూది తనకి పని చేసిందనే నమ్మింది. బిడ్డని ఏం చేసిందోననే తన భయం. ఆ భయానికి ఏ డాక్టరు మాటా చాల్లేదు.

జూలైలో, కాలవలకి నీళ్ళొదిలిన వారం, నొప్పులొచ్చాయి. పొద్దున్న పదకొండింటికి నర్సు బయటికొచ్చి, "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు" అంది. బావ బెంచీ మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

కాసేపటికి ఆ నర్సే మళ్ళీ వచ్చింది. "పార్వతంటే ఎవరమ్మా? బిడ్డ బాగుందని డాక్టరు గారు చెప్పినా ఆవిడ వినడం లేదు. నువ్వు చూసి చెప్పాలంట."

పాపని పక్క గదిలో లైటు కింద పెట్టారు. గుడ్డ విప్పమని అడిగాను. నర్సు విసుక్కుంటూనే విప్పింది. వేళ్ళు లెక్కపెట్టాను. అరచేతులు తెరిచి చూశాను. చెవులు, అంగిలి, వీపు, అరికాళ్ళు. కిటికీ వైపు తిప్పితే వెలుతురికి కళ్ళు చికిలించింది. తొందరపడలేదు.

తర్వాత అక్క దగ్గరికి వెళ్ళాను. జుట్టంతా చెమటకి మొహాన అంటుకుని ఉంది. ఏమీ అడగలేదు. నా మొహంలోకే చూస్తోంది.

"ఎడమ చెవి వెనక గోరంత ఎర్రమచ్చ ఉంది" అన్నాను. "కుడికాలి చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కింది. ఏడుపు గట్టిగా ఉంది. వెలుతురు చూస్తోంది. నోట్లో వేలు పెడితే లాగుతోంది. మిగతా అంతా బాగుంది."

"చిటికెనవేలు ఎక్కిందా?"

"కొంచెం."

"అది మీ బావ పోలిక" అంది అక్క. అని, నా చెయ్యి లాక్కుని కళ్ళ మీద పెట్టుకుని ఏడ్చింది.